సంక్రాంతి తర్వాత ఇల్లు గాడిలో పడాలంటే కూరల క్యారేజీ: సత్యనారాయణపురం పిన్నిగారి వంట

ముందు సంగతి చెప్పేస్తాను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లయి, స్కూలుకెళ్ళే పిల్లలుండి, సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చినవాళ్ళయితే, వచ్చిన మర్నాటి నుంచే ఒక నెలపాటు కూరల క్యారేజీ పెట్టించుకోండి. అన్నం ఇంట్లో వండుకుంటే చాలు. పప్పూ కూరా చారూ పచ్చడీ వేళకి ఇంటికొచ్చేస్తే మిగతా పనులన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ పండగ తర్వాత మా ఇంట్లో అదే జరిగింది, అందుకే తీరుబడిగా కూర్చుని ఇంత రాస్తున్నాను.

మేము తీసుకుంటున్నది విజయవాడ సత్యనారాయణపురంలో, బీఆర్‌టీఎస్ రోడ్డు నుంచి కాస్త లోపలికి, ఒక పిన్నిగారు తన ఇంట్లోనే వండి పంపే క్యారేజీ. బోర్డు లేదు, ఏ యాప్‌లోనూ కనపడదు. ఉన్న ఇళ్ళకే చేతినిండా పని, నా పేరూ ఫోన్ నంబరూ మాత్రం ఎక్కడా పెట్టకమ్మా అన్నారు కాబట్టి పెట్టడం లేదు. ఆ పేటలో ఉండేవాళ్ళు పక్కన కిరాణా కొట్లో అడిగితే ఇల్లు చూపిస్తారు. వేరే పేటల వాళ్ళకి ఈవిడ దొరక్కపోయినా, ఇలా ఇంట్లో వండి పంపేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు, కుదుర్చుకునే ముందు ఏం చూసుకోవాలో తెలియడానికైనా ఇది పనికొస్తుంది.

పండగ తర్వాత వచ్చే వారం ఎలా ఉంటుందో ఇల్లు నడిపేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. భోగికి ముందే భీమవరం దగ్గర అమ్మావాళ్ళ ఊరెళ్ళాం, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు ఎవరూ గడప దాటనివ్వలేదు, ముక్కనుమ కూడా అయ్యాకే బయలుదేరాం. పండిట్ నెహ్రూ బస్టాండులో దిగేసరికి హైదరాబాద్ బస్సుల కోసం కాచుకున్న జనంతో కాలు పెట్టే చోటు లేదు. ఇంటికొచ్చి తాళం తీస్తే ఫ్రిజ్‌లో ఎండిపోయిన కరివేపాకు, సగం కోసిన నిమ్మకాయ. సంచుల నిండా ఉతకాల్సిన బట్టలు, డబ్బాల నిండా అరిసెలు, జంతికలు, సున్నుండలు. పనమ్మాయి ఊరి నుంచి ఇంకా రాలేదు. సోమవారం నుంచి బాబుకి స్కూలు, వాడి సెలవుల హోంవర్కు సగం అలాగే ఉంది. మా ఆయనకీ నాకూ ఆఫీసుల్లో వారం రోజుల పని పేరుకుపోయి ఉంది. ఇన్నిట్లో తెల్లారి లేచి రెండు లంచ్ బాక్సులు, ఒక స్కూలు బాక్సు, ఇంట్లో ఉండే అత్తయ్యకి భోజనం సిద్ధం చేయాలంటే నిజంగానే టెన్షన్.

పోనీ కూరగాయలైనా దొరుకుతాయా అంటే అదీ కష్టమే. పండగ వారంలో రైతుకూ పండగే, కూలీకీ పండగే, ఆటో తోలేవాడికీ పండగే. తోటలో కోసేవాళ్ళుండరు, కోసినా బజారుకి తెచ్చేవాళ్ళుండరు. రైతు బజార్లు 1999 జనవరిలో పెట్టినప్పటి నుంచీ మా అత్తయ్య కూరగాయలు ఇంకెక్కడా కొనరు, అలాంటిది ఈసారి పటమట రైతు బజారుకి వెళ్ళి వాడిన బెండకాయలు, ముదిరిన బీరకాయలు చూసి సంచీ అలాగే పట్టుకుని తిరిగొచ్చారు. పైగా వారమంతా గారెలు, బొబ్బట్లు, నాటుకోడి, మళ్ళీ గారెలు. ఇంట్లో అందరి పొట్టలూ చారన్నం కోసం చూస్తున్నాయి. అత్తయ్యకి షుగర్ కూడా ఉంది, డాక్టరుకి చూపించుకునే రోజు దగ్గర పడుతుంటే ఎదురుగా అరిసెల డబ్బా పెట్టుకుని కూర్చోలేం కదా.

ఆ శనివారం పక్కింటావిడ చెప్పింది, సత్యనారాయణపురంలో పిన్నిగారు కూరలు పంపిస్తారు, వెళ్ళి అడుగు అని. మా ఇల్లు మొగల్రాజపురం వైపు, అంత దూరం పంపుతారో లేదో అనుకుంటూనే వెళ్ళాను. ఆవిడ ముందు అడిగింది మేము ఎంతమందిమని కాదు. "ఇంట్లో పెద్దవాళ్ళున్నారా, పిల్లలున్నారా, కారం ఎంత తింటారు అమ్మాయ్?" అని అడిగారు. అత్తయ్యకి షుగర్ ఉందంటే, "అయితే దుంపకూర చేసిన రోజు ఆవిడకి వేరే గిన్నెలో ఇంకేదైనా పెడతాలే" అన్నారు. మాట వరసకి అన్నారనుకున్నాను. ఆలుగడ్డ వేపుడు చేసిన రోజు పైగిన్నెలో చిన్న స్టీలు డబ్బాలో కాకరకాయ కూర వచ్చింది. అది చూశాకే నాకు గురి కుదిరింది.

క్యారేజీ అంటే నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్, పాతకాలం నాటి బరువైన స్టీలు, పక్కల క్లిప్పులు గట్టిగా పడతాయి. కింద గిన్నెలో చారో పులుసో మజ్జిగ పులుసో ఉంటుంది, దాని మీద పప్పు, ఆ పైన కూర లేదా వేపుడు, అన్నిటికన్నా పైన పచ్చడి. చారు గిన్నె అడుగునే ఎందుకంటే సైకిల్ మీద కుదుపులకి ఒలికినా మిగతావాటిలో పడదు. మూతల మీద ఒక్కో ఇంటికి ఒక్కో రంగు పెయింటుతో గీతలు వేసి ఉంటాయి, మాది పచ్చరంగు రెండు గీతలు. ఇంటికి రెండు క్యారియర్లు, ఒకటి మన దగ్గరుంటే ఇంకొకటి వాళ్ళ దగ్గర. పొద్దున నిండుది ఇచ్చి నిన్నటి ఖాళీది తీసుకెళ్తారు. కడిగి ఇవ్వాలన్నది ఆవిడ గట్టిగా చెప్పే ఒకే ఒక్క మాట. ఎంగిలి గిన్నె వస్తే మర్నాడు ఆ ఇంటికి ఫోన్ వెళ్తుందట, అలా ఉండటమే మంచిది.

వేళ గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతా అన్నిటికన్నా నాకు నచ్చింది అదే. ఏడుంబావుకల్లా గేటు దగ్గర సైకిల్ బెల్లు వినపడుతుంది. ఒక బాబాయ్ తెస్తాడు, వానొచ్చినా మంచు పట్టినా ఆ టైం అటూ ఇటూ పది నిమిషాలే. నేను ఏడింటికి కుక్కర్ పెడితే, క్యారేజీ వచ్చేసరికి అన్నం దిగుతుంది, బాక్సులు సర్దడానికి పావుగంట. ఇంతకుముందు అయిదింటికి లేచి కూర తరగడంతో మొదలయ్యే రోజు ఇప్పుడు ఆరింటికి మొదలవుతోంది. ఆ మిగిలిన గంటలోనే సెలవుల హోంవర్కు పూర్తి చేయించాను, ఊరి బట్టలు విడతలు విడతలుగా మెషీన్లో వేశాను, రెండు రోజులు డాబా మీద ఎండలో కూర్చుని అమ్మకి ఫోన్ కూడా చేశాను. పండగ తర్వాత మళ్ళీ రోజువారీ బతుకులో పడటం కష్టంగా ఉండేది పని ఎక్కువై కాదు, అన్ని పనులూ ఒకేసారి మీద పడటం వల్ల. అన్నిట్లోకీ పెద్దదాన్ని ఒకరు చేత్తో అందుకుంటే మిగతావి మన చేతికి అందుతాయి.

ఇక రుచి. అతిశయోక్తి లేకుండా చెబుతున్నాను, పప్పు విషయంలో ఈవిడకి తిరుగులేదు. కందిపప్పు దోరగా వేయించి ఉడికిస్తారు, అందుకే మూత తీయగానే కమ్మటి వాసన వస్తుంది. పప్పు మెత్తగా ఉంటుంది కానీ పేస్టులా ఉండదు, వేలితో నలిపితే అక్కడక్కడా బద్ద తగులుతుంది. ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పైన కనపడుతుంది, నూనె మాత్రం తేలదు. ఒకరోజు గోంగూర పప్పు, ఒకరోజు తోటకూర, ఒకరోజు దోసకాయ, శనివారం ఉత్త ముద్దపప్పు. ముద్దపప్పు రోజు పైగిన్నెలో పండుమిర్చి పచ్చడి వస్తుంది. ఈ కాలంలో గుంటూరు వైపు తోటల్లో మిరపకాయ పండి ఎర్రబడుతుంది కదా, ఆ పచ్చిపండు కాయలని చింతపండు, ఉప్పు వేసి రోట్లో తొక్కి నిలవుంచుకుని కావలసినప్పుడు తాలింపు పెడతారు. వేడన్నంలో ముద్దపప్పు, కాస్త నెయ్యి, ఆ పచ్చడి. మా ఆయన ఆ రోజు బాక్సు ఖాళీగా తెచ్చి, రేపూ ఇదే పంపమని చెప్పకూడదా అన్నారు.

కూరల్లో వంకాయ కొత్తిమీర కారం చాలా బాగుంటుంది, లేత వంకాయలు, కారం కాయ లోపలిదాకా పట్టి ఉంటుంది. చిక్కుడుకాయ కూర తిన్నప్పుడు ఇంకో సంగతి గమనించాను, ఒక్క నార కూడా పంటికి తగల్లేదు. అన్ని ఇళ్ళకి చేసే వంటలో చిక్కుడుకాయల రెండు పక్కలా నార తీయడం అంటే ఎంత ఓపిక కావాలో వండేవాళ్ళకి తెలుసు. హోటళ్ళలో ఆ పని ఎవరూ చేయరు, అందుకే అక్కడ చిక్కుడుకాయ కూర వడ్డిస్తే నేను ముట్టుకోను. సొరకాయ పాలు పోసి చేసిన కూర అత్తయ్యకి ఇష్టం. క్యాబేజీలో పెసరపప్పు వేస్తారు, బాగానే ఉంటుంది, పెద్దగా చెప్పుకునేదేం లేదు. దొండకాయ వేపుడు కరకరలాడుతుంది.

చారు గురించి రెండు మాటలు. సాంబారు రోజు తప్ప మిగతా రోజుల్లో మిరియాల చారో, టమాటా చారో, పప్పుచారో వస్తుంది. మిరియాలు, జీలకర్ర అప్పటికప్పుడు దంచి వేస్తారు కాబట్టి గొంతులో సన్నగా మంట తగులుతుంది, జనవరి చలికి, జలుబుకి హాయిగా ఉంటుంది. పండగ పిండివంటలతో బరువెక్కిన పొట్టకి ఆ మొదటి వారం మందు ఇదే. బాబు స్కూలు నుంచి రాగానే గ్లాసులో పోసుకుని తాగడం అలవాటు చేసుకున్నాడు.

వంటిల్లు ఒకసారి దగ్గరుండి చూడాలనిపించి, డబ్బులు ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే నేనే వెళ్ళాను. ఆరు కూడా కాలేదు. వెనక రేకుల షెడ్డులో రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు, ఒకదాని మీద గుండిగలో పప్పు, ఇంకోదాని మీద వెడల్పాటి మూకుడులో దొండకాయ. ఇద్దరు ఆడవాళ్ళు సాయం చేస్తున్నారు, ఒకావిడ నేల మీద కత్తిపీట వేసుకుని తరుగుతోంది, ఇంకొకావిడ కడిగిన క్యారియర్లని వేడినీళ్ళలో ముంచి బోర్లిస్తోంది. వాడేది వేరుశనగ నూనె, డబ్బా ఎదురుగానే ఉంది. నిన్నటి వేపుడు నూనె ఇవాళ కూరలో వేస్తారా అని మొహమాటపడకుండానే అడిగేశాను. పిన్నిగారు కోప్పడలేదు. "వేపుడుకి మూకుడులో నూనె పట్టినంతే పోస్తా, మిగలనివ్వను, మిగిలితేనే కదా ఆ పాడు అలవాటు" అన్నారు. గోడకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం, 14 అంకెల నంబరుతో, ప్లాస్టిక్ కవరులో పెట్టి తగిలించారు. ఇంట్లో వండి అమ్మే చిన్నవాళ్ళు కూడా ఆ రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే, చాలామంది పట్టించుకోరు, ఈవిడ పట్టించుకున్నారు.

అక్కడే బియ్యం మాట వచ్చింది. ఈవిడ అన్నంతో కలిపి పూర్తి భోజనం క్యారేజీ కూడా ఇస్తారు, ఎక్కువగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళూ, గదుల్లో ఉండే కుర్రాళ్ళూ తీసుకుంటారు. జనవరిలో కొట్లకి వచ్చేది కొత్త బియ్యం, ఖరీఫ్ పంట కోసి మిల్లు పట్టినది. ఎసరు కాస్త ఎక్కువైతే ముద్దయిపోతుంది, మధ్యాహ్నానికి బాక్సులో గడ్డకడుతుంది. అందుకని ఈవిడ కిందటేటి బీపీటీ బియ్యం కొని పెట్టుకుంటారట. మన బాపట్లలో పుట్టి 1986లో రైతులకి అందిన సాంబమసూరి అదే, 5204 నంబరుది, పాతదైతే మెతుకు మెతుకు విడిగా వస్తుంది. మేము ఊరి నుంచి తెచ్చుకున్నది కొత్త బియ్యం బస్తానే. "దానికి ఎసరు తగ్గించమ్మా, గ్లాసుకి రెండు వద్దు, ఒకటిన్నర దాటనీకు" అని చెప్పారు. ఆ లెక్క మా కుక్కర్‌లో సరిగ్గా సరిపోయింది.

కర్రీ పాయింట్ ఉండగా ఇదెందుకని కొందరు అడిగారు. కర్రీ పాయింట్లు చెడ్డవని నేననను, రాత్రిపూట ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు అవే గతి. కానీ రోజూ తినాలంటే రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, సలసలా మరిగే సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవరులో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ సంచులని 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు, అయినా బజార్లో అవే తిరుగుతున్నాయి. వేడి కూర ఆ కవరులో పోసి పిల్లలకి పెట్టాలంటే నాకు మనసు ఒప్పదు. రెండోది, అవి తెరిచేది పదకొండు తర్వాత, స్కూలు బాక్సు ఏడున్నరకి సర్దాలి. ఫోన్ యాప్‌లో ఒక వంటిల్లు నుంచి కూడా నెలవారీ ప్లాను తీసుకుని చూశాం, పేరు చెప్పను. పనీర్‌కీ పుట్టగొడుగులకీ ఒకటే గ్రేవీ, వచ్చేది ఒకరోజు పన్నెండింటికి, ఒకరోజు ఒంటిగంటన్నరకి. ఫోన్ చేస్తే మెషీన్ మాట్లాడుతుంది. వారం తిరక్కుండా మానేశాం.

ధర. మా నలుగురికి సరిపడే కూరల క్యారేజీ నెలకి 4,200 రూపాయలు, ఆదివారాలు కాకుండా. డబ్బు ముందే ఇవ్వాలి. మా పేట కర్రీ పాయింట్‌లో ఒక్కో కూర కవరు 40 నుంచి 50 రూపాయలుంది, పప్పు, కూర, చారు, పచ్చడి విడివిడిగా కొంటే ఒక్క పూటకే 160 దాటుతుంది, అదీ నలుగురికి చాలదు. ఇంట్లో వండుకుంటే దీనికన్నా తక్కువకే అవుతుందన్నది నిజమే, నేను కాదనను. కానీ పండగ తర్వాత నెలలో మనం కొనుక్కునేది కూర ఒక్కటే కాదు, పొద్దుటి పూట గంటసేపు కూడా. ఆ గంటకి విలువ ఉందనుకునేవాళ్ళకి ఈ ధర ఎక్కువ కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, దాచిపెట్టడం నాకిష్టం లేదు. జనవరిలో వంకాయ చవకగా దొరుకుతుంది కాబట్టి వారంలో మూడు రోజులు ఏదో రూపంలో వంకాయే వస్తుంది, గుత్తి వంకాయ, వంకాయ పచ్చడి, వంకాయ టమాటా. మా ఇంట్లో అందరికీ వంకాయంటే ఇష్టమే కాబట్టి సరిపోయింది, దురద వస్తుందని వంకాయ తినని ఇళ్ళకి కష్టం. ఉప్పు ఒక్కోరోజు చప్పగా ఉంటుంది, పెద్దవాళ్ళున్న ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని తగ్గిస్తారట, అది మనం కలుపుకోవచ్చు. సాంబారు మాత్రం మెరుగుపడాలి, మిగతా వంటంతా అంత శ్రద్ధగా చేసే చేయి సాంబారు దగ్గరకొచ్చేసరికి ఎందుకో నీళ్ళు ఎక్కువ పోస్తుంది, ముక్కలు కింద, నీళ్ళు పైన. ఆ మాట పిన్నిగారికి ఫోన్లో మర్యాదగానే చెప్పాను, ఆ తర్వాతి వారం కాస్త చిక్కబడింది, ఇంకా చిక్కబడాలి. పెరుగు ఇవ్వరు. మాంసాహారం అసలు లేదు, గుడ్డు కూడా లేదు. రేపు వద్దు అని చెప్పాలంటే ఇవాళ సాయంత్రం ఆరులోపే చెప్పాలి, ఆ తర్వాత చెబితే ఆ రోజు డబ్బు పోయినట్టే, ఎందుకంటే ఆరున్నరకి ఆవిడ కూరగాయలు తెప్పించేస్తారు. అది న్యాయమే.

ఇంకొక పెద్ద ఇబ్బంది, పండగకి ఆవిడ కూడా సెలవు తీసుకుంటారు. భోగికి ముందురోజు నుంచి ముక్కనుమ దాకా వంటిల్లు మూతే, సాయం చేసేవాళ్ళు ఊళ్ళ నుంచి తిరిగొచ్చాకే పొయ్యి వెలుగుతుంది. మేము తిరిగొచ్చిన రోజుకి ఇంకా తెరవలేదు, మొదటి రెండు పూటలు ఇంట్లో ఉన్న పెసరపప్పు చారుతోనూ ఆవకాయతోనూ గడిపేశాం. సెలవు పెట్టకూడదని ఎవరంటారు, ఏడాదంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనుషులు వాళ్ళు. కాకపోతే ఏ రోజు మళ్ళీ మొదలవుతుందో ముందే తెలిస్తే ఊరి నుంచి వచ్చేటప్పుడు దానికి తగ్గట్టు కూరగాయలు తెచ్చుకోవచ్చు. ఊరి నుంచి సొరకాయలు, అరటిగెల తెచ్చుకునే వీలున్నవాళ్ళు అలాగే చేయండి.

రథసప్తమి నాటి సంగతి కూడా రాయాలి. ఆ రోజు క్యారేజీతో పాటు ఇంటింటికీ చిన్న గిన్నెలో పరమాన్నం వచ్చింది, పైన చిక్కుడాకు మూతలా కప్పి ఉంది. పొద్దున ఎండలో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం చేసి, సూర్యుడికి నైవేద్యం పెట్టాక పంపించారట. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. ఉద్యోగాల హడావిడిలో ఆ రోజు రథసప్తమి అన్న సంగతి కూడా మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఆకు చూసి అత్తయ్య చెప్పారు. బాబు ఆ చిక్కుడాకుని స్కూలుకి పట్టుకెళ్ళి టీచరుకి చూపించాడు. డబ్బు తీసుకుని పని చేసేవాళ్ళు చాలామంది ఉంటారు, మన ఇంట్లో ఏ పూట ఏం కావాలో ఆలోచించేవాళ్ళు అరుదు. ఈవిడ రెండో రకం.

మీ పేటలో ఇలాంటి వంటిల్లు వెతుక్కునేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ. రుచి చూడటానికి ఒక్కరోజు క్యారేజీ అడగండి, పప్పూ చారూ ఉన్న రోజే అడగండి, ఎందుకంటే వేపుడు ఎవరైనా బాగానే చేస్తారు, పప్పులో మాత్రం చేయి తెలిసిపోతుంది. వంటిల్లు చూడనివ్వమని అడగండి, చూడనివ్వనివాళ్ళ దగ్గర తీసుకోవద్దు. గిన్నెలు కడిగే చోటు పొయ్యి కన్నా ముందు చూడండి. స్టీలు క్యారియర్ అయితేనే ఒప్పుకోండి. వండిన కూర వేడి 60 డిగ్రీలకి దిగువకి వచ్చాక గంటల తరబడి అలాగే ఉంచితే క్రిములు పెరుగుతాయి, కాబట్టి ఎన్నింటికి వండుతారు, ఎన్నింటికి మీ గుమ్మంలోకి వస్తుంది, ఈ మధ్య ఎంతసేపు పడుతుంది అని అడగండి. మాకు వచ్చేది చేయి పెట్టలేనంత వేడిగా వస్తుంది, బాక్సులో కూర పెట్టాక కాసేపు మూత తీసి ఆవిరి పోనివ్వాలి, లేకపోతే స్కూలు బాక్సు మూత గట్టిగా బిగుసుకుపోయి పిల్లాడికి రాదు.

ఎవరికి సరిపడదో కూడా చెబుతాను. రోజూ చేపో కోడో ఉండాలనుకునే ఇళ్ళకి ఇది కాదు. వంట చేయడమే విశ్రాంతిగా అనిపించేవాళ్ళకి అక్కర్లేదు, మా చెల్లెలు అలాంటిదే, పండగ నుంచి రాగానే పొయ్యి దగ్గర నిలబడితేనే దానికి ఇంటికొచ్చినట్టుంటుంది. అలాగే కృష్ణలంక, పటమట, భవానీపురం వైపు ఈ పిన్నిగారు పంపరు, సైకిల్ మీద అంత దూరం వేళకి చేరదని మొహమాటం లేకుండా చెప్పేస్తారు. ఒప్పుకుని ఆలస్యంగా పంపేవాళ్ళకన్నా ఇలా చెప్పేవాళ్ళే మేలు.

మేము ముందు ఒక్క నెలకే అనుకున్నాం, ఫిబ్రవరికి కూడా డబ్బు కట్టేశాం, బాబుకి పరీక్షలయ్యేదాకా ఉంచుదామని అత్తయ్య అంటున్నారు. పనమ్మాయి వచ్చేసింది, అరిసెల డబ్బా ఖాళీ అయింది, అత్తయ్య షుగర్ రీడింగు డాక్టరు తిట్టనంతలో ఉంది. సత్యనారాయణపురం, గవర్నరుపేట, మొగల్రాజపురం చుట్టుపక్కల ఉండి తీసుకోవాలనుకునేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కొత్త ఇళ్ళని ఆవిడ నెల ఒకటో తారీఖున, పదిహేనున మాత్రమే చేర్చుకుంటారు, సంక్రాంతి తర్వాత రోజులకి మాత్రం డిసెంబరులోనే వెళ్ళి చెప్పుకోవాలి, ఎందుకంటే పండగ నుంచి వచ్చినవాళ్ళందరూ ఒకేసారి ఆ గుమ్మం ముందే నిలబడతారు.